ఫ్లోరైడ్ కణాన్ని చంపక ముందే చెడగొడుతుంది

రక్తంలో చక్కెర ఎంతుందో చూడటానికి తీసిన రక్తాన్ని బూడిద రంగు మూత ఉన్న చిన్న గొట్టంలో పోస్తారు. గొట్టం లోపల అంటుకుని ఉండే తెల్లటి పొడిలో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. గడ్డ కట్టకుండా దానితో పాటు పొటాషియం ఆక్సలేట్ కూడా కలుపుతారు. గొట్టంలోకి వచ్చాక కూడా ఎర్రకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. ఏమీ కలపకుండా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది, పరీక్ష ఫలితం తప్పు వస్తుంది. ఆ వాడకాన్ని ఆపడానికే ఫ్లోరైడ్. చక్కెరను విరగ్గొట్టే వరుసలో తొమ్మిదో మెట్టు మీద ఉండే ఎనొలేజ్ అనే ఎంజైమును అది పట్టేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు ఒటో వార్‌బర్గ్, వాల్టర్ క్రిస్టియన్ 1940ల మొదట్లోనే ఈ పట్టు ఎలాంటిదో తేల్చారు: ఫ్లోరైడ్, ఫాస్ఫేట్, మెగ్నీషియం మూడూ కలిసి ఎంజైము నోట్లో ముద్దలా కూరుకుపోతాయి.

కణానికి ఫ్లోరైడ్ విషమా అని అడిగేవాళ్లకు ఈ గొట్టమే జవాబు. విషమే, సందేహం లేదు. అయితే ఆ గొట్టంలో మిల్లీలీటరు రక్తానికి సుమారు రెండున్నర మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరు లెక్కన చూస్తే 60 మిల్లీమోలార్ (ద్రవంలో అణువులు ఎన్నున్నాయో చెప్పే కొలత), అంటే 1,100 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్. ఇంత పోసినా చక్కెర తగ్గడం ఆ క్షణాన ఆగదు. ఎనొలేజ్ వరుస చివర్లో ఉంది కాబట్టి పై మెట్ల మీది ఎంజైములు మొదటి గంటా రెండు గంటలు తమ పని కానిస్తూనే ఉంటాయి. అందుకే ఇప్పుడు ఆ పై మెట్లను వెంటనే ఆపే సిట్రేట్ కలిపిన గొట్టాలు మేలని అంటున్నారు.

ఫ్లోరైడ్ గురించి రాసేవాళ్లు రెండు జట్లుగా చీలిపోయారు. ఒక జట్టు ప్రయోగశాలలో కణాలను పెంచే పెట్రీ గిన్నెలో కణాలు చచ్చిన బొమ్మ చూపించి జనాన్ని బెదరగొడుతుంది. రెండో జట్టు ఆ గిన్నెలో పోసిన మోతాదు మనిషి ఒంట్లోకి ఎప్పటికీ రాదని చెప్పి, ఇక మాట్లాడేదేమీ లేదని తేల్చేస్తుంది. ఇద్దరూ చావు దగ్గరే ఆగిపోయారు. కణం చావడానికి కావలసిన మోతాదుకు ఎంతో కిందనే దాని పని చెడిపోతుంది. జనం ఒంట్లో నిజంగా జరిగే నష్టంలో ఎక్కువ భాగం అక్కడిదే. నా వాదన అంతా ఇదే. దీన్ని లెక్కతో చూపిస్తాను.

ముందు కొలతలు. ఫ్లోరిన్ పరమాణు భారం 19. కాబట్టి ఒక మిల్లీమోలార్ అంటే లీటరుకు 19 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, ఒక మైక్రోమోలార్ అంటే 0.019. సోడియం ఫ్లోరైడ్ అణుభారం 42, అందులో ఫ్లోరైడ్ వాటా 45 శాతమే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగే పెద్దవాళ్ల ప్లాస్మాలో, అంటే కణాలు పోగా మిగిలే రక్తద్రవంలో, దాదాపు 1 మైక్రోమోలార్ కనిపిస్తుంది. నీటిలో మిల్లీగ్రాములు ఎన్నో రక్తంలో మైక్రోమోలార్లు సుమారుగా అన్నే అని గుర్తుపెట్టుకుంటే చాలు, మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నంత కాలం ఈ కొండగుర్తు పనికొస్తుంది. మరి గిన్నెలో? చాలా రకాల కణాలు 24 గంటల్లో గుర్తించదగినంతగా చావడానికి 1 నుంచి 5 మిల్లీమోలార్ దాకా పోస్తారు. అది రక్తంలో ఉండే దానికి వెయ్యి రెట్లు, ఐదు వేల రెట్లు. నీటిలో 5 మిల్లీగ్రాములు ఉన్నచోట కూడా తేడా రెండు వందల రెట్లకు తగ్గదు.

ఇంత తేడా ఉంటే భయమెందుకని రెండో జట్టు అడుగుతుంది. రక్తంలోని సగటు అంకె ప్రతి కణం చుట్టూ ఉండే అంకె కాదు గనుక. ఇది అర్థం కావాలంటే ఫ్లోరైడ్ కణంలోకి ఏ దారిన పోతుందో చూడాలి.

విద్యుదావేశం ఉన్న ఫ్లోరైడ్ అయాను కొవ్వు పొరను దాటలేదు. హైడ్రోజన్‌తో జతకట్టి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అయితే ఆవేశం పోతుంది, అప్పుడు పొరలోంచి లక్షల రెట్లు సులువుగా జారిపోతుంది. ఈ జత ఎంతమేర కడుతుందో చుట్టూ ఉన్న ఆమ్లత్వమే తేలుస్తుంది. ఆమ్లత్వానికి కొలత పీహెచ్, అది తగ్గిన కొద్దీ ఆమ్లం ఎక్కువ. రక్తం పీహెచ్ 7.4 దగ్గర పదివేల ఫ్లోరైడ్లలో ఒకటే జతకట్టి ఉంటుంది. పీహెచ్ 6 దగ్గర అది 25 రెట్లు పెరుగుతుంది. ఖాళీ కడుపులోని ఆమ్లంలో, పీహెచ్ 2 దగ్గర, నూటికి 96 జతకట్టి ఉంటాయి. కొన్ని మిల్లీగ్రాములు ఒక్కసారిగా ఖాళీ కడుపులో పడితే వికారం పుట్టడానికి కారణం ఇదే: జఠరపు లోపలి పొర కణాల్లోకి హైడ్రోజన్ ఫ్లోరైడ్ నేరుగా దూరుతుంది. లోపల పీహెచ్ 7.2 దగ్గర ఆ జత మళ్లీ విడిపోతుంది. ఆమ్లమూ అక్కడే మిగులుతుంది, బయటికి రాలేని ఫ్లోరైడూ అక్కడే మిగులుతుంది. బయట పీహెచ్ 6.0, లోపల 7.2 ఉంటే, సమతూకానికి చేరేసరికి లోపలి ఫ్లోరైడ్ బయటిదానికి దాదాపు 16 రెట్లు అవుతుందని లెక్క చెబుతోంది.

దీనికి తోడు మనకొక లోటు ఉంది. బ్యాక్టీరియాకు ఫ్లోరైడ్‌ను పసిగట్టే ఆర్‌ఎన్‌ఏ మీట ఉంది, బయటికి తోసే ఫ్లక్ అనే కాలువలున్నాయి. రోనాల్డ్ బ్రేకర్ బృందం 2012లో ఆ మీటను బయటపెట్టింది. ఈస్ట్‌లో ఫెక్స్ అనే తోడుడు ప్రోటీను ఉంది, దాన్ని తీసేస్తే ఈస్ట్ కొద్దిపాటి ఫ్లోరైడ్‌కే కుదేలవుతుంది. మన కణాల్లో అలాంటి జన్యువు కనబడలేదు. మనకున్న రక్షణంతా ఒళ్లు మొత్తం మీదిది: మూత్రపిండం బయటికి పంపుతుంది, ఎముక లోపల దాచుకుంటుంది. ఒంట్లో ఉన్న ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది.

లోపలికి చేరాక అది చేసేది ఒక్క పని కాదు. మెగ్నీషియంతో పనిచేసే ఎంజైములను వెతికి పట్టుకుంటుంది: ఎనొలేజ్, పైరోఫాస్ఫటేజ్, ఇంకా అనేక ఫాస్ఫటేజులు. పరిశోధనశాలల్లో ప్రోటీన్ల మీది ఫాస్ఫేట్ ఊడిపోకుండా 10 నుంచి 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్ కలపడం రోజువారీ పని. అల్యూమినియం జాడ ఉంటే ఇంకో దెబ్బ. అల్యూమినియం, ఫ్లోరైడ్ కలిసి ఫాస్ఫేట్ ఆకారాన్ని అనుకరిస్తాయి. హార్మోను సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే జీ ప్రోటీన్లు ఆ నకిలీని నిజమని నమ్మి, ఏ హార్మోనూ పిలవకుండానే తెరుచుకుంటాయి. 1958 నుంచీ ఆ ప్రోటీన్లు నడిపే అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును మేల్కొల్పడానికి ఫ్లోరైడ్ వాడుతూనే ఉన్నారు గానీ అది ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయకపోవడం ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. 1982లో పాల్ స్టెర్న్‌వైస్, ఆల్ఫ్రెడ్ గిల్మన్ తేల్చారు: గాజు గొట్టాల నుంచి ఊరిన అల్యూమినియమే ఆ రహస్య భాగస్వామి. ఫ్లోరైడ్ ప్రయోగం గాజులో చేశారా ప్లాస్టిక్‌లో చేశారా అని అడగడం చాదస్తం కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మోతాదు మిల్లీమోలార్లకు చేరితే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ తేడా పడిపోతుంది. ఆక్సిజన్ నుంచి చురుకైన రాడికల్స్ పుట్టుకొస్తాయి, వాటిని అణిచే గ్లూటాథయోన్ తరిగిపోతుంది. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి అనే ప్రోటీను బయటికి కారి, కణాన్ని లోపలి నుంచి కోసే ఎంజైముల్లో కాస్పేజ్ 9ను, అది కాస్పేజ్ 3ను లేపుతుంది. ఇక కణం తనను తాను ముక్కలుగా మడిచి పెట్టుకుంటుంది, అదే అపోప్టోసిస్. ఇంకా పెంచితే ఆ పద్ధతైన చావుకు కావలసిన శక్తి కూడా మిగలదు. కణానికి ఇంధనమైన ఏటీపీ అడుగంటుతుంది, సోడియం పంపు ఆగుతుంది, కణం ఉబ్బి పగిలి చుట్టుపక్కల వాపు లేపుతుంది. అది నెక్రోసిస్.

ఇక్కడ మొదటి జట్టుతో నా తగువు. కణాలు చచ్చాయని చూపించే అధ్యయనాల్లో చాలావాటి ఆధారం ఎంటీటీ పరీక్ష. పసుపు రంగు ద్రవం ఊదాగా మారితే కణం బతికున్నట్టు, మారకపోతే చచ్చినట్టు లెక్క. నిజానికి ఆ రంగు కొలిచేది కణంలో జీవక్రియ ఎంత జోరుగా ఉందనే. జీవక్రియనే అడ్డుకునే పదార్థాన్ని ఆ పరీక్షతో తూచితే, చావని కణం కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. ఇలాంటి పత్రం చదివేటప్పుడు పొర చెడిన కణం నుంచి ఎల్‌డీహెచ్ అనే ఎంజైము కారడం, చస్తున్న కణాలను పట్టిచ్చే అనెక్సిన్, ప్రొపీడియం అయొడైడ్ రంగులు, కణాలను నేరుగా లెక్కపెట్టడం వంటి ఇంకో సాక్ష్యం ఉందా అని చూడాలి. అంతటితోనూ అయిపోదు. డీఎంఈఎం అనే మామూలు పోషక ద్రవంలో 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉంటుంది. అందులో నాలుగైదు మిల్లీమోలార్ల ఫ్లోరైడ్ పోస్తే కొంత కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోయి అడుగున సన్నటి తెల్లటి మడ్డి చేరవచ్చు. అప్పుడు కణాన్ని దెబ్బకొట్టింది ఫ్లోరైడా, కాల్షియం లేకపోవడమా? అనెక్సిన్ అంటుకోవడానికి కూడా కాల్షియమే కావాలి, కాబట్టి గిన్నెను బాగా కడగకుండా రంగు వేస్తే లెక్క ఇంకోవైపు తప్పుతుంది. పక్కన అంతే సోడియం ఉన్న ఉప్పు ద్రావణంతో పోలిక గిన్నె పెట్టకపోతే ఆ ప్రయోగాన్ని నేను లెక్కలోకి తీసుకోను. టూత్‌పేస్ట్ గురించిన వాదన కూడా ఇలాంటిదే. 1,450 పీపీఎం (కిలోకు 1,450 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న) పేస్ట్ అంటే 76 మిల్లీమోలార్, ఆ మోతాదులో రోజంతా నానబెడితే చిగుళ్ల కణాలు చస్తాయి, నిజమే. నోట్లో అది ఉండేది రెండు నిమిషాలు, లాలాజలంలో పలచబడుతూ, ఎన్నో పొరలున్న చర్మం మీద.

రెండో జట్టుతో తగువు దీనికన్నా పెద్దది. పంటి పింగాణీని అల్లే అమెలోబ్లాస్ట్‌లను తీసుకోండి. ఈ కణాలు పుట్టుక నుంచి ఎనిమిదేళ్ల వయసు దాకా, జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత దంతాల మీద పని చేస్తుంటాయి, పన్ను బయటికి వచ్చాక మళ్లీ ఉండవు. పింగాణీ గట్టిపడే దశలో ఖనిజం పేరుకున్న కొద్దీ ఆమ్లం పుడుతుంది, కణం చుట్టూ పీహెచ్ 6 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. పైన చెప్పిన 25 రెట్ల లెక్క వర్తించేది సరిగ్గా ఇక్కడే. జాన్ బార్ట్‌లెట్ బృందం 2010లో చూపించిందీ అదే: చుట్టూ ఆమ్లం ఉంటే ఈ కణాలు చాలా తక్కువ ఫ్లోరైడ్‌కే ఒత్తిడికి లోనవుతాయి. ప్రోటీన్లను మడిచే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం తడబడుతుంది. కణం తనను కాపాడుకోవడానికి ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ప్రోటీనుకు ఫాస్ఫేట్ తగిలించి ప్రోటీన్ల తయారీకి పగ్గం వేస్తుంది. ఇది చావు కాదు, చావును తప్పించుకునే తెలివి. కానీ ఆ కాసేపట్లో చేయాల్సిన పని వెనకపడుతుంది. పింగాణీలోంచి తొలగిపోవాల్సిన ప్రోటీను మిగిలిపోతుంది, పైపొర కింద సన్నటి బెజ్జాలు మిగులుతాయి. పన్ను వచ్చేసరికి సున్నపు గీతలు, ఆ తర్వాత వాటిలో ఇంకే గోధుమ రంగు. గిన్నెలో ఒక్క కణమూ చావని మోతాదు ఒక బిడ్డ నవ్వు మీద జీవితాంతం చెరగని గుర్తు వేస్తోందంటే, చావలేదు గనక ఫర్వాలేదనే మాట ఎలా నిలుస్తుంది?

ఎముక కథ ఇంకో రకం. అక్కడ ఫ్లోరైడ్ కణాన్ని మందగింపజేయదు, రెచ్చగొడుతుంది. మైక్రోమోలార్ మోతాదుల్లో ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు ఎక్కువగా విభజన చెందుతాయి. గుల్లబారిన ఎముకలకు ఇదే మందనుకున్నారు. 1990లో లారెన్స్ రిగ్స్ బృందం 202 మంది స్త్రీల మీద నాలుగేళ్లు చేసిన పరీక్ష వెలువడింది. వాళ్లలో చికిత్స జట్టుకు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, అంటే 34 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఇచ్చారు. నడుము వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. తూకం పెరిగింది, బలం పెరగలేదు. అస్థి ఫ్లోరోసిస్‌లో వెన్ను బిగుసుకుపోవడం, కీళ్ల చుట్టూ స్నాయువులు ఎముకగా మారడం కూడా ఇలా అతిగా పనిచేసే కణాల ఫలితమే. కణాల చావును మాత్రమే లెక్కపెట్టే పరీక్షకు ఇది ఎప్పటికీ దొరకదు.

మూత్రపిండం దగ్గర పాఠం మత్తుమందు నేర్పింది. 1960ల్లో వాడిన మెథాక్సీఫ్లూరేన్ ఒంట్లో విరిగి ఫ్లోరైడ్‌ను వదిలేది. ప్లాస్మాలో 50 మైక్రోమోలార్ దాటినవాళ్లకు మూత్రం పలచబడి ఆగకుండా పోయేది, మూత్రపిండ గొట్టాల కణాలు దెబ్బతినేవి. కొన్నేళ్లు ఆ 50నే హద్దుగా పట్టుకున్నారు. తర్వాత వచ్చిన సెవోఫ్లూరేన్ కూడా కొందరిలో రక్తంలో ఆ హద్దు దాటించింది, కానీ మూత్రపిండాలు చెడలేదు. మెథాక్సీఫ్లూరేన్ మూత్రపిండం లోపలే విరుగుతుందని, కణం పక్కనే విషం పుడుతుందని వివరణ వచ్చింది. రక్తంలోని అంకె ఒకటే, కణానికి తగిలింది వేరు.

ఒక్కసారిగా ఎక్కువ పడితే జరిగేది ఇవన్నీ కాదు, అది వేరే వేగం. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని లెక్క. పది కిలోల బిడ్డకు అది 50 మిల్లీగ్రాములు, అంటే 1,450 పీపీఎం పేస్ట్ సుమారు 34 గ్రాములు. ఫ్లోరైడ్ రక్తంలోని కాల్షియాన్ని కట్టేస్తుంది, ఎర్రకణాల పొటాషియం కాలువలను తెరిపించి పొటాషియాన్ని బయటికి వదిలిస్తుంది. ఆ రెండూ కలిసి గుండె లయ తప్పిస్తాయి. 1942లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర ఆసుపత్రిలో పాలపొడి అనుకుని బొద్దింకల మందు సోడియం ఫ్లోరైడ్‌ను వంటలో కలిపారు, 47 మంది చనిపోయారు. 1992లో అలాస్కాలోని హూపర్ బేలో నీటిలో ఫ్లోరైడ్ కలిపే యంత్రం గతి తప్పి లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా చేరింది, సుమారు 296 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. మింగినప్పుడు వాంతి చేయించకూడదు, స్పృహలో ఉంటే పాలు పట్టించి ఆసుపత్రికి తరలించాలి. తుప్పు వదిలించే ద్రావణాల్లోని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒంటి మీద పడితే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది: 20 శాతం కన్నా పలచగా ఉంటే ఒక రోజు దాకా నొప్పే తెలియకపోవచ్చు, ఆలోగా అది ఎముక దాకా దిగుతుంది. నొప్పి లేదని ఊరుకోవద్దు. ధారగా నీళ్లతో కడిగి, రెండున్నర శాతం కాల్షియం గ్లూకొనేట్ జెల్ రుద్దుతూ ఆసుపత్రికి వెళ్లాలి.

మరి తాగే నీళ్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో, ఆ హద్దుకు పైబడిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. 0.7 మిల్లీగ్రాముల దగ్గర ఏం జరుగుతుందో తేల్చడానికి చాలినంత సమాచారం లేదని అదే నివేదికలో ఉంది. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్నే పంచేవాళ్లను నమ్మకండి. పంటి మీద పూతగా ఫ్లోరైడ్ చేసే మేలును నేను కాదనను. కడుపులోకి అదనంగా వెళ్లడం గురించే నా ఆందోళన, అందులోనూ పాలపొడి కలిపిన నీళ్లతో కడుపు నింపుకునే పసిబిడ్డలు, మూత్రపిండాలు బలహీనపడినవాళ్ల గురించి. పెద్దవాళ్లు ఒంటికి పట్టినదాంట్లో సగం మూత్రంలో వదిలేస్తారు, పసివాళ్ల ఎముకలు చాలావరకు దాచేసుకుంటాయి. మూడేళ్ల లోపు బిడ్డకు బియ్యపు గింజంత పేస్ట్ చాలు, 1,000 పీపీఎంది అయితే మింగినా 0.1 మిల్లీగ్రాము. బ్రష్ నిండా పిండితే అదే ఒక గ్రాము పేస్ట్, అంటే ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్.

నీళ్లను కాచితే ఫ్లోరైడ్ పోదు, సగానికి మరిగిస్తే రెట్టింపు చిక్కనవుతుంది. మామూలు బొగ్గు వడపోత దాన్ని ఆపలేదు. రివర్స్ ఆస్మోసిస్ పొర కొత్తగా ఉన్నప్పుడు 90 శాతం దాకా ఆపుతుంది, పాతబడ్డ కొద్దీ వదిలేస్తుంది, అందుకని పొర పెట్టిన రోజు ఒక్కసారి పరీక్షించి ఊరుకుంటే లాభం లేదు. వడపోతలో వాడే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు పీహెచ్ 5.5 దగ్గర బాగా పట్టుకుంటుంది, క్షారత్వం ఎక్కువున్న నీటిలో చాలా త్వరగా నిండిపోతుంది. పరీక్షకు నీళ్లు ప్లాస్టిక్ సీసాలోనే ఇవ్వాలి. కొలిచేవాళ్లు ఫ్లోరైడ్‌ను మిల్లీవోల్టుల్లో కొలిచే లాంథనమ్ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడుతుంటే, నమూనాకు సమానంగా టీఐఎస్ఏబీ ద్రావణం కలుపుతున్నారా అని అడగండి. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలుపుతుంది, అల్యూమినియం పట్టేసుకున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. అది కలపకపోతే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఒకటి, పది మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాల మధ్య 25 డిగ్రీల దగ్గర 54 నుంచి 60 మిల్లీవోల్టుల తేడా రావాలి, రాకపోతే ఆ రోజు కొలతలు చెల్లవు. చేతికొచ్చిన కాగితం మీద ఫ్లోరైడ్ అని రాశారా, సోడియం ఫ్లోరైడ్ అని రాశారా చూసుకోండి. సోడియం ఫ్లోరైడ్‌గా 2.2 అని ఉన్నదీ ఫ్లోరైడ్‌గా 1.0 అని ఉన్నదీ ఒకే నీళ్లు.